ఎవరూ కొట్టని గంట

లాండ్రీలో అందరూ ఆమెకు పెట్టిన పేరు బొంగరం. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడి, లోపల్లోపల కాస్త మురిసిపోయింది కూడా. చిన్నప్పుడు వాళ్ళమ్మ, "ఇది కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టింది, దీన్ని చేసుకునేవాడు పరుగుపందెంలో నెగ్గినవాడై ఉండాలి" అనేది. తీరా దొరికిన మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇంటికొచ్చాడంటే మంచినీళ్ళ గ్లాసు చేతికందిస్తే తప్ప కదలని మనిషి. "పగలంతా నేను నడుపుతున్నాగా, ఇంట్లో నువ్వు నడుపు" అని నవ్వేవాడు.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు కాదు. పెద్ద ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు, ఆపరేషన్ గదిలో పరిచే ఆకుపచ్చ గుడ్డలు మూటలు మూటలుగా ఒక తలుపులోంచి వచ్చేవి. ఉతుకుడు, ఆరుడు అయి, వేడి రోలర్ల మధ్య నుంచి పలకల్లా జారి, మడతలు పడి ఇంకో తలుపులోంచి వార్డులకి వెళ్ళేవి. అన్నిటికంటే ముందు మూటలు విప్పి వేరు చేసే బల్ల. ఆ బల్ల దగ్గర ఆమె తోడికోడలు పనిచేసేది. బావగారి భార్య, వయసులో బాగా పెద్దది. ఇంట్లో ఇద్దరివీ పక్కపక్క గదులు, వంటిల్లు మాత్రం ఒకటే. లాండ్రీలో పని ఇప్పించింది కూడా ఆవిడే. "మా చెల్లెలు మంచిదే గానీ, ఊరికే ఉండలేదు, అదొక్కటే జబ్బు" అని ముందే చెప్పి మరీ చేర్పించింది.

మడతల దగ్గర చేరిన బొంగరానికి మొదటి వారంలోనే చేతులు దురద పెట్టాయి. మడిచిన దుప్పటి వెనకున్న తోపుడుబండిలో పెట్టడానికి నడిచి, మళ్ళీ ఖాళీ చేతులతో రావడమేమిటి? బండిని పక్కకే లాక్కుంటే పోలేదూ! లాక్కుంది. పక్కనున్నవాళ్ళు కూడా లాక్కున్నారు. ఖాళీ బళ్ళు తలుపుకి అడ్డం పడి రోజూ గొడవయ్యేది. నేల మీద పసుపు రంగుతో గీతలు గీసి, బండికో చోటు చూపించింది. గొడవ తగ్గింది. వార్డుల్లోంచి "ఇంకా దుప్పట్లు రాలేదా" అనే ఫోన్లూ తగ్గాయి. మేనేజరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆమెను సూపర్‌వైజరుని చేశాడు. దాంతో ఇంట్లో పెద్దకోడలికి లాండ్రీలో చిన్నకోడలు పెద్దయింది.

"నన్ను కూడా నువ్వే అజమాయిషీ చేస్తావన్నమాట" అంది అక్క ఆ సాయంత్రం కూర తరుగుతూ.

"నువ్వు సరిగ్గా చేస్తే చెయ్యనులే అక్కా."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటికది నవ్వులాటే.

ఆ ఏడాదే మేనేజరు ఎక్కడో శిక్షణకి వెళ్ళొచ్చాడు. పనిలో వృథా ఎక్కడెక్కడ దాక్కుంటుందో బొమ్మలు గీసి చూపించాడు. అక్కర్లేని నడక వృథా, ఎదురుచూపు వృథా, చేసిందే మళ్ళీ చెయ్యడం వృథా, పేరుకుపోయిన సరుకు వృథా. రోజూ ఎంతో కొంత బాగుచేసుకుంటూ పోవాలి, ఆ బాగుకి చివర ఉండదు అన్నాడు. మిగతావాళ్ళు ఆవలింతలు ఆపుకుంటూ విన్నారు. బొంగరానికి మాత్రం, ఇన్నాళ్ళూ తన జబ్బనుకున్నదానికి ఎవరో శాస్త్రం రాసిపెట్టినట్టనిపించింది.

ఇక ఆమెకి నిద్రలోనూ నడకలే కనిపించేవి. మూటలొచ్చే తలుపుకి దూరంగా, కిటికీ కింద ఉండే వేరుచేసే బల్లని తలుపు దగ్గరికి జరిపించింది. మందం గ్లవ్స్‌తో చేతులు మొద్దుబారుతున్నాయని పల్చటివి తెప్పించింది. బల్ల ముందు స్టూళ్ళు తీయించింది. కూర్చుని లేవడం కూడా వృథాయేగా. ఇంట్లో పప్పుల డబ్బాలు పొయ్యి పక్కకొచ్చాయి, చీపురు తలుపు వెనకనుంచి గుమ్మం పక్కకొచ్చింది. అత్తగారు మంచం మీంచే, "నన్ను కూడా ఎక్కడికైనా జరిపేస్తావేమోనని భయంగా ఉందే అమ్మాయ్" అనేది. మొగుడు చొక్కా కోసం మూడు చోట్ల వెతికి, బనియనుతోనే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "నా చొక్కా ఈ వారం ఏ స్టాపులో దిగిందో చెప్తావా?"

వాటన్నిటిలోకీ ఆమె ఎక్కువ మోజుపడ్డది గంట మీద. మేనేజరు చెప్పిన సంగతుల్లో అదొకటి. పనిలో ఏ తేడా కనిపించినా ఎవరైనా సరే గంట కొట్టొచ్చు, కొడితే మొత్తం పని ఆగాలి, సంగతేమిటో చూసి సరిచేశాకే మళ్ళీ కదలాలి. బొంగరం స్వయంగా గోడకి ఇత్తడి గంట బిగించింది. "మీ చేతుల్లో ఉందిది. మొహమాటపడకండి" అని అందరినీ నిలబెట్టి చెప్పింది.

రెండో రోజు మోగింది. కొట్టింది రోలరు దగ్గరుండే పిల్ల, నోట్లో నాలుక లేని మనిషి. బొంగరం అటు చివరనుంచి పరుగెత్తుకొచ్చింది. రోలర్లు ఆగి ఉన్నాయి, అందరూ చేతులు కట్టుకుని ఉన్నారు. ఆ పిల్ల తడి ఆరని ఒక గలీబు చూపించింది. బొంగరం గలీబు వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది.

"ఇంతేనా?" అంది.

తిట్టలేదు, గొంతు పెంచలేదు. ఆ ఒక్క మాటే. ఆ పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది. ఆ తర్వాత గంట మోగలేదు. వారాలు గడిచాయి. "మన దగ్గర తేడాలే లేవు సార్" అని బొంగరం మేనేజరుతో గొప్పగా చెప్పింది.

ఆ రోజుల్లోనే ఓ సాయంత్రం అక్క వేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. "కత్తి జారింది" అంది. బొంగరం అప్పటికప్పుడు కత్తిని చెక్క అర నుంచి తీసి, గోడకి మేకు కొట్టి, చేతికందే ఎత్తులో తగిలించింది. "ఇక జారదు చూడు." అక్క ఆ మేకు వైపు ఒక్క క్షణం చూసి లోపలికెళ్ళిపోయింది.

తర్వాత కొద్ది రోజులకే రోలరు విరిగింది. ఆపరేషన్ గది మూటలో కత్తెర ఉండిపోయి, గుడ్డతో పాటు ఉతుకులోకి, అక్కడినుంచి రోలర్ల మధ్యకి వెళ్ళింది. కీచుమని ఓ అరుపు, గుప్పున కాలిన వాసన. మిషను నిండా చీలిన గుడ్డ. అదృష్టం, ఎవరి చెయ్యీ పోలేదు. కానీ దుప్పట్లు ఆగిపోయాయి, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. వరండాలో రోగుల తాలూకు జనం మేనేజరు చుట్టూ మూగి అరుస్తున్నారు.

"ఆ మూట బల్ల మీద విప్పిందెవరు? నాకు పేరు కావాలి" అన్నాడు మేనేజరు. "రేపటికల్లా చెప్పు."

బల్ల దగ్గర ఎవరున్నారో బొంగరానికి తెలుసు. ఇంటికెళ్ళేదాకా ముళ్ళమీద ఉన్నట్టుంది. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. వంటింట్లో అక్క పొయ్యి ముందుంది.

"అక్కా, ఆ మూట నువ్వే విప్పావా?"

"విప్పాను."

"చేతికి తగల్లేదా?"

"తగిలింది." అక్క పొయ్యి కట్టేసింది. "ఏదో గట్టిగా తగిలింది. చూద్దామనుకున్నా. ఆ తలుపు మూల చీకటి, కనపడి చావదు. గంట కొడదామని చెయ్యెత్తాను కూడా. కొట్టి, చూస్తే ఏమీ లేకపోతే? నువ్వు పరుగెత్తుకొస్తావు, గడియారం చూస్తావు, 'ఇంతేనా' అంటావు. ఇంట్లో నిన్ను ఏమన్నా అనగలను గానీ, అంతమంది ముందు నీచేత ఆ మాట అనిపించుకోలేనమ్మా. తోసేశాను."

అక్క వేలు చాపింది. గుడ్డ లేదు, నల్లటి చుక్క మచ్చ ఉంది.

"ఇది కత్తి కాదు. సూది. ఎవరికి గుచ్చిన సూదో. నువ్వు తెప్పించిన పల్చటి తొడుగులోంచి దిగింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడు నిలబడ్డావని చెప్పడానికి?"

బొంగరం ఆ క్షణమే అక్క చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరదీసింది. డాక్టరు ఇద్దరికీ చీవాట్లేశాడు. గుచ్చుకున్న రోజే రావాల్సింది అన్నాడు. రక్తం తీసుకున్నారు. ఇప్పుడొకసారి, కొన్ని నెలలాగి ఇంకోసారి చూస్తే గానీ ఏదీ తేల్చి చెప్పలేమన్నారు. ఎదురుచూపుని వృథా అనుకున్న మనిషికి ఎదురుచూపే మిగిలింది.

మర్నాడు మేనేజరు అడిగితే, "బల్లని చీకట్లోకి జరిపింది నేను. గ్లవ్స్ మార్చింది నేను. పేరు కావాలంటే నా పేరు పెట్టండి. లేదంటే నన్ను కొన్నాళ్ళు ఆ బల్ల దగ్గర పనిచెయ్యనివ్వండి" అంది.

మేనేజరు విసుక్కున్నాడు. "నువ్వు బల్ల దగ్గర కూర్చుంటే సూపర్‌వైజరు పని ఎవడు చేస్తాడు?"

"ఇన్నాళ్ళూ నేను చేసింది మాత్రం అదేనంటారా?"

మేనేజరు పేరు సంగతి వదిలేసి ఒప్పుకున్నాడు. ఆమె వారం రోజులు అక్క పక్కన నిలబడి మూటలు విప్పింది. మధ్యాహ్నమయ్యేసరికి నడుం పట్టేసేది. తలుపు దగ్గర ఎండ కళ్ళలో కొట్టి, బల్ల మీద నీడ పడేది. తడి గుడ్డలో గట్టి ముడి ఏదో, ఇనుము ఏదో వేళ్ళకి తెలిసేది కాదు. ఒకసారి పట్టకారు దొరికింది, ఇంకోసారి విరిగిన సూది. బల్ల మళ్ళీ కిటికీ కిందకెళ్ళింది. స్టూళ్ళొచ్చాయి, మందం గ్లవ్స్ వచ్చాయి. తను జరిపినవన్నీ తనే వెనక్కి జరుపుతుంటే మడతల దగ్గర ముసిముసిగా నవ్వులు. ఆ నవ్వులు ముళ్ళలా గుచ్చుకున్నా తలొంచుకునే మోసింది.

రోలరు బాగై మళ్ళీ తిరుగుతున్నా, గంట మాత్రం అలాగే వేలాడుతోంది. "ఇప్పుడైనా కొట్టండి" అని బతిమాలింది. ఎవరూ కదల్లేదు. చివరికి అక్కే ఒక రోజు మూటలో ఏదో తగిలి లేచి కొట్టింది. రోలర్లు ఆగాయి. షెడ్డంతా బొంగరం వైపు తిరిగింది. ఆమె పరుగందుకోబోయింది.

"నడిచి రా" అంది అక్క, అందరికీ వినపడేలా.

నడిచింది. అంత దూరం నడవడం ఆమె జీవితంలో ఎప్పుడూ అంత కష్టం కాలేదు. అక్క మూట విప్పి చూపించింది. బిగిసిన గుడ్డ ముడి, అంతే. బొంగరం కళ్ళు వాటంతటవే గడియారం వైపు లేచాయి. బలవంతంగా దించుకుంది.

"మంచిపని చేశావక్కా" అంది.

మర్నాడు రోలరు దగ్గర పిల్ల కొట్టింది. ఆ తర్వాత అడ్డూ ఆపూ లేదు. కొన్ని రోజులు పని ఎంత కుంటుపడిందంటే, మేనేజరు తలుపులోంచి చూసి తల పట్టుకుని వెళ్ళిపోయేవాడు. బొంగరం గోళ్ళు కొరుక్కుంటూ ఓర్చుకుంది. మూటల్లో దొరికినవన్నీ ఒక స్టీలు పళ్ళెంలో వేయించింది. పళ్ళెం నిండాక పట్టుకెళ్ళి ఆపరేషన్ గది హెడ్ నర్సు బల్ల మీద పెట్టింది.

"మీరు లాండ్రీ చూసుకోండి, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం" అంది హెడ్ నర్సు తలెత్తకుండానే.

"చూసుకుంటున్నామండీ. ఇవి మా చేతుల్లో దిగుతున్నాయి. మా అక్కకి దిగింది. రెండో పరీక్ష కోసం ఎదురుచూస్తోంది."

హెడ్ నర్సు పెన్ను కిందపెట్టి పళ్ళెంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, రోజు చివరి ఆపరేషన్లప్పుడు మనుషులు ఎంత తక్కువుంటారో, గుడ్డలు ఎంత కంగారుగా చుట్టేస్తారో చెప్పుకొచ్చింది. బొంగరం తిరుగు సమాధానాలు చెప్పకుండా విన్నది. ఇద్దరూ కలిసి ఆలోచించి, మూట కట్టేముందు ఒక మనిషి గుడ్డలు విప్పి దులిపేలా ఏర్పాటు చేసుకున్నారు. పళ్ళెం వెంటనే ఖాళీ కాలేదు గానీ, నిండడానికి నెలలు పట్టడం మొదలైంది. గంటల వల్ల ఆగిన పని కూడా మెల్లగా దారిలో పడింది.

అక్క రెండో పరీక్ష ఫలితం వచ్చిన రోజు బొంగరం డాక్టరు గది బయట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. "కూర్చోవే, నేల అరిగిపోతోంది" అంది అక్క. ఏమీ లేదని తేలింది. ఇంటికొచ్చాక అక్క కాసేపు మామూలుగానే ఉంది. తర్వాత గోడ మేకు మీది కత్తిని తీసి చెక్క అరలో పడేసింది. "నా వంటింట్లో నన్నడక్కుండా దేన్నీ కదపకు" అంది. బొంగరం సరేనంది.

ఏడాది తర్వాత ఆసుపత్రివాళ్ళు ఊరి అవతలి వైపు ఇంకో లాండ్రీని చేతిలోకి తీసుకుని, దాన్ని చక్కబెట్టమని ఆమెను పంపారు. అక్కని కూడా రమ్మంది. "నాకు కిటికీ ఉంది, నేనెక్కడికీ రాను" అంది అక్క.

మొదటి ఉదయం ఒంటరిగా వెళ్ళింది. గుమ్మంలో అడుగుపెట్టగానే సరిచెయ్యాల్సినవి నలువైపుల నుంచీ కళ్ళమీద పడ్డాయి. దారికడ్డంగా బళ్ళు, నేలంతా నీళ్ళు, ఒకరి వెనక ఒకరు ఖాళీగా నిలబడ్డ మనుషులు. కాళ్ళు నిలవనంటున్నాయి. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఇక్కడ మీకు దేనితో ఇబ్బందిగా ఉంది?" అని అడిగింది.

ఎవరూ నోరు విప్పలేదు. కొత్త సూపర్‌వైజరుని ఎగాదిగా చూసి తలలు తిప్పుకున్నారు. ఆమె అక్కడే నిలబడింది. బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మార్చుకుంటూ, పెదవి కొరుక్కుంటూ, నిలబడే ఉంది. చాలాసేపటికి ఉతుకుడు మిషను దగ్గర ముసలాయన చెయ్యి తుడుచుకుని, "చెప్తే మాత్రం ఏం చేస్తారమ్మా?" అన్నాడు.

"ముందు వింటాను బాబాయ్" అని ఆయన దగ్గరికి నడిచింది.