పోటుకి బిళ్ళ

మొన్నామధ్య ఓ పున్నమి రోజున నేను సముద్రానికి తలనొప్పి బిళ్ళ ఇచ్చి వచ్చానండీ! అప్పుడే నవ్వకండి, మొత్తం విన్నాక నవ్వుదురుగాని.

మాది గుడివాడ. కాలవలూ వరిచేలూ తప్ప సముద్రంతో పెద్ద పరిచయం లేదు. ఎప్పుడన్నా మంగినపూడి వెళ్ళి కాళ్ళు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తిని వచ్చెయ్యడమే. అలాంటి నన్ను మా ఆఫీసువాళ్ళు దివిసీమకి పంపారు. కొత్తగా ఇళ్ళు కట్టబోయే చోట నేలా నీరూ, చెట్టూ పిట్టా చూసి, కడితే దేనికి నష్టమో రాసిచ్చే ఆఫీసు మాది. ఇన్నాళ్ళూ సీనియర్ల వెనకాల టేపు పట్టుకుని తిరిగాను. ఈసారి రిపోర్టు కింద సంతకం నాదే! నేను 'ఫర్వాలేదు' అని రాస్తే జనం అక్కడ ఇళ్ళు కట్టేసుకుంటారు.

మా బాస్ మూర్తి గారు మాత్రం తేలిగ్గా చెప్పేశారు. "ఉత్త ఉప్పు పర్రమ్మా మాధవీ, గడ్డి కూడా మొలవదు. ఫొటోలు తీసి, ఫారం నింపి పంపెయ్."

చల్లపల్లిలో మా చెల్లెలి స్కూటీ తీసుకుని, పొద్దున ఏడింటికల్లా చేరాను. నిజమే, కనుచూపుమేర బూడిదరంగు నేల. మధ్యలో సిమెంటు దిమ్మ మీద ఇంత బోర్డు: 'సముద్రం మీ ఇంటి ముంగిట్లో!'

పీతలు పట్టుకునే పెద్దావిడ ఒకావిడ, నాంచారమ్మట, బుట్ట సర్దుకుని వెళ్ళిపోతూ నన్ను చూసి ఆగింది.

"ఎంతసేపుంటావు అమ్మాయ్? పోటు మొదలవుద్ది. ఇయ్యాల పున్నమి కూడాను, మా ఎక్కువుంటది."

అయ్యో పాపం, తలపోటు కాబోలనిపించింది. మా అమ్మమ్మకీ ఇంతే, పున్నానికీ అమాస్యకీ కణతలు నొక్కుకుంటూ కూర్చునేది. వెంటనే బ్యాగులోంచి బిళ్ళ తీసిచ్చాను. "ఇది వేసుకోండి పెద్దమ్మా, అరగంటలో పోటు తగ్గిపోతుంది!"

ఆవిడ బిళ్ళ వంక చూసింది, నా వంక చూసింది, సముద్రం వంక చూసింది.

"దీనికి తగ్గుద్దంటావా?"

"గ్యారంటీ!" అన్నాను.

ఏమనుకుందో, బిళ్ళ కొంగున ముడేసుకుని, "కట్ట మీదుంటా, కేకెయ్" అని వెళ్ళిపోయింది.

నేను ఫారం అందుకున్నాను. నీరు నిలుస్తుందా? లేదు. చెట్లు? లేవు, ఏవో పొదలు. జీవాలు? లేవు. స్థానికుల ఇబ్బందులు? తలనొప్పి. ఫోన్లో మూర్తి గారికి పంపేస్తే 'వెరీ గుడ్' అని కూడా వచ్చింది. ఆ మురిపెంలో తలెత్తేసరికి చెప్పులు తడిసి ఉన్నాయి.

చప్పుడు లేదండీ! హోరు లేదు, అల లేదు. ఎవరో పళ్ళెంలో నీళ్ళు పోస్తున్నట్టు నేలంతా మెల్లగా మెరవడం మొదలెట్టింది. పోటంటే ఆ పోటా! ఆటుపోట్లని బడిలో వల్లెవేసిన మాటే కదా! నేను ఉత్త నేలనుకున్నదంతా చిల్లులే. ఒక్కో చిల్లులోంచీ బుడగలు, గోరంత ఎర్ర పీతల పరుగులు. నీటితోపాటు చేపపిల్లలు, వాటి కోసం కొంగలు. ఎక్కడివండీ అన్ని పక్షులు! ఆకాశం సగం తెల్లబడిపోయింది. పొదలని రాసినవేమో మడ మొక్కలు. బొమ్మలు చూసి పరీక్ష రాసి పాసైనదాన్ని, ఎదురుగా ఉంటే పోల్చుకోలేకపోయాను! భయపడాలో దణ్ణం పెట్టాలో తెలియక నోరు తెరుచుకుని ఉండిపోయాను. నా జన్మలో అంత అందం చూడలేదు. ఇంతలో చెప్పు ఒకటి తేలుకుంటూ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది ప్రాణం మీద తీపి. గబగబా బోర్డు దిమ్మెక్కి ఫోన్ చేశాను.

"సార్, నేను 'లేదు' అన్నచోటల్లా 'ఉంది' అని చదువుకోండి!"

"ఎక్కడున్నావమ్మా?"

"సైట్లోనే సార్, బోర్డు పట్టుకుని."

"బోర్డెందుకు? సైటేమైంది?"

"మునిగింది సార్!"

ఫొటో పంపాను. సార్ అది తెరిచి చూశారు. ఆ తర్వాత, "ఆ ఫారం చించెయ్. నెల్లాళ్ళు చూసి, చూసింది చూసినట్టు రాయి. ఎవరన్నా గొడవ చేస్తే నేను మాట్లాడతాను" అన్నారు. ఆగి, చిన్నపిల్లాడిలా అడిగారు. "అమ్మాయ్, ఆ పక్షులు నిజమేనా?"

నా కేకలకి నాంచారమ్మ చీర ఎగదోపుకుని నీళ్ళలో నింపాదిగా నడిచొచ్చింది. నేను బోర్డు కొయ్యని వాటేసుకుని ఏడుకొండలవాడికి తలనీలాలు మొక్కుకుంటున్నాను.

"మోకాటి లోతేగా అమ్మాయ్, దిగు!"

సిగ్గుతో దిగాను. ఆవిడ కొంగు ముడి విప్పి బిళ్ళ నా చేతిలో పెట్టింది. "పోటు నాక్కాదమ్మా, దానికి" అని సముద్రం చూపించింది. "దానికేద్దామంటే నోరెక్కడుందో తెలవలా. నువ్వే ఏసుకో."

చెల్లెలి స్కూటీ ఇంజను దాకా ఉప్పునీళ్ళు. అప్పటికి నాకు నిజంగానే కణతలు పగిలిపోతున్నాయి. బిళ్ళ వేసేసుకున్నాను.

నెల తిరిగాక కొత్త ఫారంలో అన్ని గడులూ మార్చి రాశానండీ, ఒక్కటి తప్ప. ఇబ్బందులు? తలనొప్పి. ఎవరికో మాత్రం రాయలేదు.