సునీత అడుగులు

సాయంత్రం మా కాలేజీ గ్రౌండులో వాలీబాల్ కోర్టు మీద నీళ్ళు చల్లుతారు. తడిసిన మట్టి వాసన మెట్ల దాకా వస్తుంది. నిన్న ఆ మెట్ల మీద కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంటే, పక్కన నిలబడ్డ డిగ్రీ అమ్మాయి చేతిలో ఫోను టింగుమంది. పదివేల అడుగులు పూర్తయ్యాయట. స్నేహితురాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. రత్నకుమారి మేడమ్ గారు గుర్తొచ్చారు.

రాజమహేంద్రవరంలో నేను డిగ్రీ చదివినప్పుడు ఆవిడ మా ఫిజికల్ డైరెక్టర్. పొట్టి మనిషి. నేత చీర, కింద తెల్ల కాన్వాసు బూట్లు. ఆదివారం చర్చికి తప్ప ఆ బూట్లు విప్పరని మేం చెప్పుకునేవాళ్ళం. అప్పుడప్పుడే మా ఫోన్లలోకి నడక యాప్‌లు వచ్చాయి. ఆవిడ వాటిని వెక్కిరించలేదు. ఒకరోజు అందర్నీ గ్రౌండులో కూర్చోబెట్టి, "ఎవరెందుకు పెట్టుకున్నారో చెప్పండమ్మా. నిజమే చెప్పండి, దీనికి మార్కులేం లేవు" అన్నారు. అక్క పెళ్ళి ఫొటోల్లో సన్నగా కనబడాలని ఒకమ్మాయి చెప్పింది. కానిస్టేబుల్ సెలక్షన్లకి పరుగు టైము చూసుకోడానికని ఒకబ్బాయి. కామర్స్ వాళ్ళని ఓడించడానికని సైన్సు వాళ్ళు. ఒక్కడినే నడుస్తున్నా ఎవరో తోడున్నట్టుంటుందండి అని ఇంకొకతను, తల వంచుకుని. చివర్లో నా రూమ్మేట్ సునీత లేచింది. "మా నాన్నగారికి షుగరండి. డాక్టరుగారు నడవమన్నారు. ఆయన మొగల్తూరులో, నేనిక్కడ. ఎవరెంత నడిచారో ఒకరివొకరం రోజూ చూసుకుంటామండి" అంది. మేడమ్ గారు ఆమె తల నిమిరారు. నా కారణం చెప్పుకోదగ్గది కాదు. సునీత పెట్టుకుందని నేనూ పెట్టుకున్నాను.

ప్రతి శనివారం ఎక్కువ నడిచిన ఐదుగురి పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టేవారు. రెండో ఏడాది దసరా సెలవులయ్యాక సునీత నడకకి రావడం మానేసింది. ఒక సబ్జెక్టు తప్పింది. తిండి సయించడం లేదనేది. క్లాసులేని వేళ మంచం దిగేది కాదు. "ఒంట్లో బాగోలేదే. నా ఫోను కూడా పట్టుకెళ్ళవే, అంకె తగ్గితే నాన్న కంగారు పడతారు" అంది. క్లాసులో ప్రాక్సీ పలికే అలవాటున్నవాళ్ళం, ఇదో లెక్కా? రెండు ఫోన్లూ బ్యాగులో వేసుకుని గోదావరి గట్టు మీద నడిచేదాన్ని. వారం అనుకున్నది నెల దాటింది. ఎదురు మంచం మీద ఆ పిల్ల రోజురోజుకీ వడలిపోతుంటే నేను బద్ధకమనుకున్నాను. "మహారాణి గారు పవళించారు, పల్లకీ మోత నాది" అని వేళాకోళం కూడా చేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు వారాలు వరసగా బోర్డు మీద నా పేరు కిందే సునీత పేరు. మేడమ్ గారు మురిసిపోయి, నడక పోటీకి మా కాలేజీ తరఫున పంపుదామని ఆమెకి కబురుపెట్టారు. సునీత కాదనలేక ప్రాక్టీసుకి వచ్చింది. గ్రౌండు చుట్టూ రెండో రౌండు సగంలో కూలిపోయింది. మేడమ్ గారు పరుగెత్తుకొచ్చి ఆమె కంటి కింది రెప్ప లాగి చూశారు. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నంలా ఉంది.

"రోజుకి పన్నెండు వేలు నడిచే పిల్ల కాదిది" అంటూ నా వైపు తిరిగారు. "ఆ కాళ్ళెవరివి పద్మా?"

"నావండి" అన్నాను.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆగితే గుండె మీద పడేదని డాక్టరుగారు చెప్పారు. వరండాలో మేడమ్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "వాళ్ళ నాన్నగారు వస్తున్నారు. జరిగింది నువ్వే చెప్పాలి."

"నాకు భయమేస్తోందండి."

"వెయ్యాలి. పక్కన నేనుంటాను. నువ్వు చేసింది తప్పే. కానీ చూసుకోవడం నా ఉద్యోగం. నేను బోర్డు చూసుకున్నానమ్మా, పిల్లని చూసుకోలేదు."

ఆయన చేతిలో ఫ్లాస్కుతో వచ్చారు. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, దాన్ని అలాగే చూస్తూ నిలబడ్డారు. "పొద్దున్నే టీ తాగుతూ చూసుకునేవాణ్ణమ్మా. మా అమ్మాయి బాగుందిలే అని నేనూ నడకకి బయల్దేరేవాణ్ణి. అయితే నెల్లాళ్ళుగా నేను చూసుకున్నది నీ నడకా?" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మేడమ్ గారు ముందుకొచ్చి, "తప్పు నాదండి" అంటూ చేతులు జోడించారు. ఒక పెద్దావిడ పిల్లల ముందు అలా తప్పొప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత బోర్డు మీద పేర్లు ఆగిపోయాయి. యాప్‌లు తీసెయ్యమని మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. శనివారాలు హాస్టలు మూడంతస్తులూ ఎక్కి, ప్రతి తలుపూ తట్టి, లోపలున్న పిల్లతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవారు. సునీతకి ఒక సంవత్సరం పోయింది. తిరిగొచ్చాక మేడమ్ గారే ఆమె చెయ్యి పట్టుకుని మొదట గేటు దాకా, తర్వాత గట్టు దాకా నడిపించారు.

కిందటేడు ఆవిడ మంచాన పడ్డారని తెలిసి చూడటానికి వెళ్ళాను. గొంతు బాగా సన్నబడిపోయింది. "సునీత ఎలా ఉంది?" అని అడిగారు.

"బాగుందండి. పిఠాపురంలో స్కూల్లో చేస్తోంది."

"చూశావా?"

"మెసేజ్ పెట్టిందండి."

ఆవిడ నా మొహంలోకి చూశారు. నాకు సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే పిఠాపురం బస్సెక్కాను. మధ్యాహ్నం దాకా సునీత దగ్గరుండి, సాయంత్రం తిన్నగా మేడమ్ గారింటికే వచ్చాను. బాగుందండి, ఒళ్ళు కూడా చేసింది అని చెప్పాను.

"ఏం కూర వండింది?"

"చింతచిగురు, రొయ్యలండి. ఉప్పు కాస్త ఎక్కువేసింది."

"అయితే వెళ్ళావన్నమాట" అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మరో రెండు వారాలకి పోయారు. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లల్లో ఎవరైనా నాలుగు రోజులు రాకుండా 'బాగానే ఉన్నానండి' అని మెసేజ్ పెడితే, చెప్పులేసుకుని బయల్దేరతాను. వాళ్ళు తలుపు తీసేదాకా నాకు కాలు నిలవదు.