ఊద గడ్డి గీయడానికో పెన్ను

ముందురోజు సాయంత్రం నా డ్రాయింగు పెన్ను బల్ల మీంచి జారి, మొన కిందికి తిరిగి సిమెంటు నేల మీద పడింది. వెంట్రుకంత సన్నని మొన వంగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు విశాఖపట్నం సిరిపురంలోని ఒక వ్యవసాయ కార్యాలయంలో నాకు బొమ్మల పరీక్ష. కలుపు మొక్కల మీద రైతులకోసం వేసే పుస్తకానికి ముగ్గురు చిత్రకారులను ఎంచుకుంటున్నారు. పెన్నులు, రంగులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ముందు పెన్నుతో గీసి, ఆపైన నీటి రంగు వెయ్యాలి. రంగు తడికి గీత చెదిరిందా, బొమ్మ పోయినట్టే.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా పద్మనాభం శాఖా గ్రంథాలయంలోనే. వృక్షశాస్త్రం, చిత్రలేఖనం, సిరాల తయారీ... ఆ బీరువాల్లో ఉన్నవేవీ వదల్లేదు. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. కలుపును మాత్రం పుస్తకంలో నేర్చుకోలేదు. పదేళ్లుగా నడుం వంచి పీకుతున్నాను.

ఎనిమిదీ నలభైకి బస్సెక్కాను. కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు ఇచ్చాడు. పక్క సీట్లో పైడమ్మత్త. మా వైపు మునక్కాడలు రోజూ గంపలో తెచ్చి మద్దిలపాలెంలో అమ్ముకుంటుంది.

"అంత పెద్ద సంచేసుకుని ఎక్కడికెల్తన్నావే పిల్లా?"

"బొమ్మల పరీచ్చకత్తా. కలుపు మొక్కల బొమ్మలు."

ఆమె నవ్వు వెనక సీట్ల దాకా వినబడింది. "ఓలమ్మో! కలుపు పీకి గట్టు మీద పడేత్తాం గానీ బొమ్మలేత్తామేటే? రేపు తేలుకి కూడా ఫొటో కట్టిత్తావు!"

నేనూ నవ్వాను గానీ కళ్లు వాచీ మీదే ఉన్నాయి. హనుమంతవాక దగ్గర లారీల వరసలో పావుగంట ఇరుక్కున్నాం. కాంప్లెక్సు బస్టాండులో దిగేసరికి పదీ నలభై అయిదు. అక్కణ్నుంచి ద్వారకానగర్‌కి పది నిమిషాల నడక.

చిత్రలేఖన సామాను దుకాణం చిన్నదే. లోపల కాగితం, జిగురు కలిసిన వాసన. కౌంటరు దగ్గరున్నావిడని అందరూ ఎస్తేరక్కా అంటున్నారు. మెడలో సన్నటి గొలుసుకు సిలువ. సున్నా పాయింట్ ఒకటి మిల్లీమీటరు మొన పెన్ను అడిగితే రెండు తీసి ముందు పెట్టింది. ఒక్కోటి నూట తొంభై. గీసి చూసుకోమని నున్నటి కార్డు ముక్క ఇచ్చింది. ఒక పెన్నుతో రెండు గీతలు గీశాను. నా సంచిలోని సీసా నీళ్లతో వేలు తడిపి మొదటి గీత మీద రుద్దాను. నల్లగా అలుక్కుపోయింది.

"ఆగు సెల్లీ, ఒక్క నిమిసం..."

"ఆగడానికేటుందండీ? నీళ్లకి సెదరందే అసలు సిరా. నాను పుస్తకంలో సదివేను. ఇది డూప్లికేటు."

అక్కడున్న ఇద్దరు కాలేజీ పిల్లలు తిరిగి చూశారు. ఆవిడ మొహం ఎర్రబడింది. "పుస్తకాలు సదివినోళ్లకి నానేటి సెప్తాను? ఇట్టం లేకపోతే మానెయ్." పెన్నులు డబ్బాలో పెట్టేసింది. సాక్ష్యంగా ఉంటుందని కార్డు ముక్కను నా సంచిలో వేసుకుని బయటికొచ్చాను.

ఆ వీధిలో ఇంకో రెండు దుకాణాలు తిరిగాను. అంత సన్నని మొన ఎక్కడా లేదు. పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేలు దొరుకుతుందని ఒకాయన చెప్పాడు. పదకొండున్నరకి ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో జగదాంబ కూడలి దాకా, అక్కణ్నుంచి నడక. పసుపు, ఎండుమిర్చి ఘాటుకి తుమ్ములు. నాలుగో దుకాణానికొచ్చేసరికి పన్నెండూ నలభై. పొద్దున్న తిన్న చద్దన్నం ఎప్పుడో అరిగిపోయింది. తినడానికి ఆగితే టైము పోతుందని భయం.

కళ్లజోడు పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మా దగ్గర స్కెచ్ పెన్నులే తల్లీ."

కట్టలు దించుతున్న మనిషి అందుకున్నాడు. "బావా, పుల్లకి సూది కట్టి ఇచ్చీ. సన్నంగా గీత్తాది!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎలాంటి పెన్ను కావాలో చూపిద్దామని సంచిలో చెయ్యి పెట్టాను. నీళ్ల సీసా మూత వదులై సంచి అడుగంతా తడి. జెల్ పెన్నుతో రాసుకున్న సామాను చీటీ నీలం ముద్దయిపోయింది. కార్డు ముక్క మెత్తగా వేలాడుతోంది. పెద్దాయన దాన్ని వెలుగులోకి పట్టుకున్నాడు.

"ఇంత సన్నంగా ఉంది కదమ్మా, ఇంకేటి గొడవ? నీ కాగితం నానిపోయింది గానీ గీత నానలేదు."

చూశాను. నేను రుద్దిన గీత మసకగా ఉంది. రుద్దనిది, గంటన్నర సంచిలో ఆరి, ఆ తర్వాత తడిసింది, వెంట్రుకలా చెక్కుచెదరకుండా ఉంది. పుస్తకంలో ఆ వాక్యం ముందు "పూర్తిగా ఆరిన తరవాత" అని ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నేను సగం వాక్యం పట్టుకుని ఆవిడ పరువు తీసి వచ్చాను.

ఈసారి షేర్ ఆటోకి ఆగలేదు. నూటయాభైకి మాట్లాడుకుని ఎక్కాను. జగదాంబ కూడలిలో బండి కదలదు. ద్వారకానగర్ చేరేసరికి ఒకటీ ఇరవై ఎనిమిది, దుకాణం షట్టరు సగం దించేసి ఉంది. వంగి లోపలికి తొంగిచూశాను. ఎస్తేరక్క క్యారేజీ విప్పుకుని అన్నం కలుపుతోంది.

"ఏటి, డూప్లికేటు కొనుక్కోడానికొచ్చేవా?"

"తప్పు నాదే అక్కా. ఆరకుండా తడిపేసేను."

"ఆగమన్నానా లేదా?"

"అన్నావు. నాను ఇనలేదు."

ఆవిడ ఒక ముద్ద తింది. "పరీచ్చకి టైమైపోతంది అక్కా," అన్నాను. "పరీచ్చ ఎన్నింటికి?" అంది. రెండింటికన్నాను. చెయ్యి కడుక్కుని లేచి డబ్బా తెరిచింది. "పొద్దున ఆ కాలేజీ పిల్లలు ఒకటి పట్టికెల్లిపోయేరు. ఇదొక్కటే ఉంది." డబ్బు తీసుకుని పెన్ను నా చేతిలో పెడుతూ అంది, "నీకు కంగారెక్కువే. గీసేక కూకో. ఆరనియ్యి."

ఒకటీ యాభై ఆరుకు కార్యాలయం గేటు దాటాను. తొమ్మిదిమందిమి. ప్రతి బల్ల మీదా గాజు గ్లాసులో రెండు దుబ్బులు, వరి ఒకటి, ఊద కలుపు ఒకటి. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉండి రైతును మోసం చేస్తాయి. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి పల్చటి పొర, పక్కన సన్నటి నూగు ఉంటాయి. ఊదకు ఆ చోటు బోసి. గీత కాస్త లావైతే ఆ తేడా కనబడదు. ఈ మొన కోసం అంత తిరిగింది అందుకే.

మూడున్నరకి గీయడం అయింది. గడువు నాలుగు. చుట్టూ కుంచెలు నీళ్లలో ఆడుతున్నాయి. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అధికారి వచ్చి నిలబడ్డారు. "రంగు వెయ్యరా అమ్మా? టైమవుతోంది."

"ఆరుతోందండి."

ముందు బల్ల అబ్బాయి గీతలు రంగులో పొగలా కరిగిపోవడం కనిపిస్తూనే ఉంది. గడియారంలో పది నిమిషాలు గడిచాక కుంచె ముంచాను. ఆకుపచ్చ పరుచుకుంది. నలుపు కదల్లేదు.

నాలుగూ ముప్పావుకి ఆయన కాగితాల కట్టతో వచ్చారు. పేరు పిలిచినవాళ్లు తమ బొమ్మ తీసుకుని వెళ్లవచ్చని, ముగ్గురివి మాత్రం తాము ఉంచుకుంటామని చెప్పారు. ఒక్కో పేరుకీ ఒక్కో కుర్చీ ఖాళీ అయింది. అయిదో పేరు నాది కాదు. ఆరో పేరు కూడా నాది కాదు. ఆయన చేతులు ఖాళీ అయ్యాయి.

అయిదున్నరకి కాంప్లెక్సులో బస్సెక్కాను. విశాఖ వెళ్లి సముద్రం చూడకుండా తిరిగొచ్చాను. ఎవరైనా ఆ పెన్ను కొనడానికి వెళ్తే ఒంటిగంటలోపే వెళ్లండి, ఎస్తేరక్క మాట పూర్తిగా వినండి.

మద్దిలపాలెంలో పైడమ్మత్త ఖాళీ గంపతో ఎక్కింది.

"ఉత్త సేతుల్తో వొత్తన్నావేటే? బొమ్మేదీ?"

"ఉంచేసుకున్నారత్తా."

"ఆ గడ్డి బొమ్మనా?"

"ఆ గడ్డి బొమ్మనే."

బస్సు ఆనందపురం దాటింది. అత్త గంప కాళ్ల సందులోకి జరిపి నా వైపు తిరిగింది.

"రేపు మా మడిలోకి రా. నీ పుస్తకాల్లో లేని కలుపు నాలుగు రకాలుంది."