కొలిచి మళ్ళీ పోసిన డీజిల్

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో ఒక ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరుగా నన్ను ప్రొద్దుటూరికి వేశారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల మా బంకులన్నీ నా కిందివే. ఆ ఏడు ఈ దేశపు డీజిల్ లెక్క తప్పిపోకుండా ఆపినవాణ్ణి నేనే. దేశానికి చమురు ఎంత కావాలి, ఎంత నిల్వ ఉంది అని ఢిల్లీలో కూర్చుని లెక్కలు కట్టేవాళ్ళకు, పులివెందుల నుంచి సింహాద్రిపురం పోయే దారిలో ఓబులమ్మ బంకు ఒకటుందని తెలియజెప్పింది నేను.

సేల్స్ ఆఫీసరంటే అమ్మేవాడని జనం అనుకుంటారు. అమ్మేది డీలరు. అనుమానించడానికే కంపెనీ మాకు జీతమిస్తుంది. భూమిలో ఉన్న ట్యాంకులోకి డిప్ రాడ్డు దించి, అది ఎంత మేర తడిసిందో చూసి, సరుకు ఎంతుందో లెక్కగడతాం. డిపో నుంచి వచ్చిన సరుకులోంచి మీటరు చూపించిన అమ్మకం తీసేస్తే మిగలాల్సింది ఎంతో తెలుస్తుంది. రాడ్డు చెప్పేదీ, పుస్తకం చెప్పేదీ దాదాపు ఒకటే కావాలి. తగ్గితే కారుతోందనో, ఆవిరైందనో సర్దిచెప్పుకోవచ్చు. పెరిగితే మాత్రం సమాధానం ఉండదు. డీజిల్ ట్యాంకులో పిల్లలు పెట్టదు.

ఆ జూన్‌లో కడప నుంచి మా మేనేజరు ఫోన్ చేశాడు. ఆయనది కృష్ణా జిల్లా. "ఏవండీ, అక్కడ వానల్లేవు, దుక్కుల్లేవు. ఆ ఓబులమ్మగారి బంకు మీటరు మాత్రం గిర్రున తిరుగుతోంది. డిపో నుంచి ఎత్తే సరుకేమో పెరగలేదు. మీ జనం డీజిల్ తాగుతున్నారా ఏంటండీ?" అన్నాడు.

ఎత్తింది తక్కువ, అమ్మింది ఎక్కువ అంటే మా ఉద్యోగంలో ఒకటే అర్థం. బయటి సరుకు వచ్చి కలుస్తోంది. అప్పటికి మన దగ్గర పన్ను పెరిగి, కర్ణాటక డీజిల్ మనకంటే చవకైంది. సరిహద్దు దాటి దొంగచాటుగా ట్యాంకర్లు వస్తున్నాయని వదంతులుండేవి. దొరికితే డీలర్‌షిప్ పోతుంది. ఓబులమ్మకు భర్త లేడు. వాళ్ళది పెద్ద రైతుల ఇల్లు, ఊళ్ళో పంచాయితీలు వాళ్ళ అరుగు మీదే తెగేవి. కానీ బోర్లు ఎండిపోయి చీనీ తోట, అదే బత్తాయి తోట, కొట్టేశాక ఆ ఇల్లు నడిచేది బంకు మీదే. ఆ సంగతి నాకు తెలుసు. పలుకుబడి ఉండి చేతిలో ఏమీ లేనివాళ్ళే తెగిస్తారని కూడా అనుకున్నాను.

చెప్పకుండా వెళ్ళాను. పుస్తకం ప్రకారం ఆ ట్యాంకు అడుగంటాలి. రాడ్డు దించి తీస్తే సగానికి పైగా తడిసింది. జాడీలో డీజిల్ పట్టి హైడ్రోమీటరు వేస్తే, డెన్సిటీ మా డిపో చలానాలో ఉన్నదానితో సరిపోయింది. అంత చక్కగా సరిపోవడం కూడా నాకు నచ్చలేదు. అయిదు లీటర్ల క్యానుతో కొలత చూశాను. అదీ సరిగ్గానే ఉంది.

"ఈ ఎక్కువ సరుకు ఎక్కడిదమ్మా?" అని ఓబులమ్మను అడిగాను.

"మా ఊరోళ్ళది సార్," అంది.

"కర్ణాటకలో మీ ఊరేది?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీకు సెప్పినా ఎక్కదులే. ఏసుకో, ఏం సీలేస్తావో ఏసుకో," అంది. నేరం చేసినవాళ్ళ పొగరు ఇలాగే ఉంటుందని నిశ్చయించుకుని, డీజిల్ నాజిల్‌కు తీగ చుట్టి సీసం ముద్ర వేశాను.

రెండు రోజులకు వాన పడింది. అది నల్లరేగడి నేల. వాన పడ్డాక పదును ఉన్న నాలుగు రోజుల్లోనే దున్నుకోవాలి, ఆరితే గడ్డలు కట్టి నాగలి దిగదు. ఆ పొద్దున శాంపిళ్ళు తీయడానికి నేను మళ్ళీ వెళ్ళేసరికి బంకు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ముందున్నవాడు గంగన్న. గొర్రెలు కాసే ఇంటివాడు, మందలో సగం అమ్మి పాత ట్రాక్టరు కొన్నాడు.

"ఏందప్పా ఇది? ఎవురేసిరి ఈ సీలు?"

"నేనే."

"నా డీజిల్ లోపలుండాది. దాంతో నీకేం పని?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ రోజుల్లో రేట్లు పదిహేను రోజులకోసారి మారేవి. పెరుగుతుందని వినపడగానే రైతులు దుక్కికి కావలసిన డీజిల్ పాత రేటుకే కొనేసేవారు. ఇంట్లో దాచుకుంటే భయం కాబట్టి బంకులోనే ఉంచేవారు. ఇంతవరకు ఎక్కడైనా ఉండేదే. వీళ్ళు ఇంకో అడుగు వేశారు. కొన్న డీజిల్‌ను నాజిల్‌తో పీపాల్లోకి పట్టించుకుని, మీటరు తిరగడం కళ్ళారా చూసి, మళ్ళీ ఆ పీపాలను అదే ట్యాంకులో గుమ్మరించేవారు!

"నోటిమాట సాలదా? కొలవడం దేనికి?" అని నేనూ వాళ్ళ యాసలోకి దిగి అడిగాను.

"కొలవందే నాదెట్లయితాది? గాదెలో గింజలైనా కొలిచే కదా పోస్తాం," అన్నాడు గంగన్న. "ఈయమ్మ మీద నమ్మకం ల్యాక కాదు. మిషను మీద."

"నమ్మినోడివి పీపాలో తలకాయ పెట్టి ఎందుకు సూస్తివి గంగన్నా?" అంది ఓబులమ్మ లోపల్నుంచి. జనం నవ్వారు.

మీటరు తిరిగింది, సరుకు మాత్రం కదలలేదు. రైతు వచ్చి పట్టుకుపోయేటప్పుడు దాన్ని టెస్టింగ్ కింద చూపించి లెక్క సర్దుదామని ఓబులమ్మ ఉద్దేశం. టెస్టింగ్ అంటే కొలత చూసి తిరిగి ట్యాంకులో పోసే సరుకు, దాన్ని అమ్మకంలోంచి తీసేస్తారు. ఆ ఏడు వాన ఆలస్యమై ఎవరూ పట్టుకుపోలేదు. అందరి డీజిలూ భూమిలో పేరుకుపోయింది. మొదటే చెప్పలేదేమని అడిగితే, "పాత రేటు సెల్లదని నువ్వు తిరకాసు పెడ్తే? వాళ్ళకు మాటిచ్చినా," అంది.

కథ ఇంత నున్నగా కుదిరితే నాకు అనుమానం తగ్గదు, పెరుగుతుంది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, పీపా ఏ రంగుది, ఎవరు పట్టారు, ఎవరు పోశారు అని అడిగాను. పులివెందుల పోయి వేరే డీజిల్ కొట్టించుకోవచ్చు కదా అంటే, "దుడ్లన్నీ నీ సీలు కిందనే ఉండాయి," అన్నాడొకడు. అందరి జవాబులూ కలిశాయి. ఆ సాయంత్రమే ఉన్నది ఉన్నట్టు రిపోర్టు రాసి, మేనేజరును ఒప్పించి సీలు తీయించాను. డీలర్‌షిప్ నిలబడింది. గంగన్న దుక్కి దున్నుకున్నాడు.

ఇక మొదట చెప్పిన ఢిల్లీ మాట. అది కొంచెం సాగదీశాను. దేశం ఎంత చమురు వాడిందనే లెక్క డిపోల గేటు దాటిన సరుకు మీద వేస్తారు. ఓబులమ్మ మీటరు ముందుకు తిరిగినా వెనక్కు తిరిగినా ఢిల్లీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. నా రిపోర్టు కడప దాటి పోలేదు.

దీనిలో నేను నేర్చుకున్నది మాత్రం ఏ లెక్కకైనా పనికొస్తుంది. అమ్ముడుపోయింది అంటే కాలిపోయింది అని కాదు. రేటు పెరగబోయే ముందు గిరాకీ పెరిగినట్టు కనిపిస్తే, అది గిరాకీ కాకపోవచ్చు, చోటు మారిన నిల్వ కావచ్చు. నిల్వ ఎక్కువగా కనిపించినప్పుడు అది ఎలా వచ్చింది అనడానికి ముందు, ఎవరిది అని అడగాలి. చెప్పిన జవాబు వినాలి.

మొన్న ఓబులమ్మ మనవరాలి పెండ్లికి బంగారం కొనడానికి ప్రొద్దుటూరు వచ్చి మా ఇంటికి వస్తే, ఇదంతా చదివి వినిపించాను. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది.

"శానా బాగుండాది సార్. కానీ ఆ సాయంత్రం నువ్వు రిపోర్టూ రాయలే, ఏమీ రాయలే. శాంపిల్ డబ్బాలెత్తుకొని పోతివి, మళ్ళా నా ఫోనెత్తకపోతివి. ట్రాక్టర్లలో డీజిల్ ల్యాక గంగన్నోళ్ళు బస్సెక్కి కడపకు పోయి, మీ మేనేజరు గది ముందర బండల మీద కూచుండిరి. ఆయప్ప తీయమంటే నువ్వొచ్చి తీస్తివి. అప్పటికి పదును ఆరిపోయ. ఆ యేడు గంగన్న శేను బీడే పడిండాది. దున్నుకున్యాడని రాసినావే, అది కొట్టెయ్యి."