ఆదివారం కాపీ

లారీ మమ్మల్ని ఉదయం ఎనిమిదికి దించింది. మంచు మోకాలి దాకా ఉంది. ఎదురుగా శత్రువు కొండ. మా పోస్టులో మూడు బంకర్లు, ఒక జనరేటరు, ఒక లినక్స్ కంప్యూటరు. మా వాలులో పాతిన మందుపాతరల మ్యాపు, వాటి మధ్య నడవగలిగే దారి అందులోనే ఉండేవి. ఆ మెషీన్ నా డ్యూటీ.

రోజూ సాయంత్రం ఫైళ్లను ఇంకో డిస్కుకు కాపీ చేసి, దాన్ని పక్క బంకర్లో దాచేవాణ్ని. కెప్టెన్ మాన్పించాడు. జనరేటరు పెట్రోలు దండగట, ఆదివారం ఒక్కరోజు చేస్తే చాలట. అందరి ముందు నన్ను గుమాస్తా అన్నాడు. అభ్యంతరం రాసిచ్చాను. చించేశాడు. రెండూ మర్చిపోలేదు.

వైర్‌లెస్ ఆపరేటరుది తాడేపల్లిగూడెం, నాది ఏలూరు. "ఏవండీ ఏలూరు గారూ, ఒకే ఫైలు ఎన్ని జాడీల్లో పెడతారండీ, ఆవకాయా?" అనేవాడు.

గురువారం మధ్యాహ్నం తెగిన టెలిఫోను తీగ కట్టడానికి అతను ఒక జవానుతో కిందికి వెళ్లాడు. అప్పుడే ఫిరంగులు మొదలయ్యాయి. మొదటి గుండు మెషీన్ ఉన్న బంకరు మీదే పడింది. మెషీన్ ముక్కలైంది. గోడ మీది మ్యాపు కాలిపోయింది. సెంట్రీ పొట్ట చీలి, పేగులు చేత్తో అదిమిపట్టుకుని గుమ్మంలోనే చనిపోయాడు. అతని మీదుగా పక్క బంకరుకు పాకాను.

రేడియోలో ఆపరేటరు గొంతు: "జవానుకి తొడ తెగిపోయిందండీ. కాలిబాట మీద గుండ్లు పడుతున్నాయి. పాతర్ల మధ్య దారి చెప్పండి."

డిస్కును విడి ల్యాప్‌టాప్‌కు తగిలించి, చదవడానికి వీలుగా మౌంట్ చేశాను. ఫైలు చెక్కుచెదరకుండా తెరుచుకుంది. మోడు నుంచి ఎడమకు, నల్లబండ దాకా అని చదివి చెప్పాను. "అలాగేనండీ" అన్నాడు.

కెప్టెన్ చెవి నుంచి రక్తం కారుతూ లోపలికి వచ్చాడు. నల్లబండ పేరు విని ముఖం పాలిపోయింది. మంగళవారం ఇంజినీర్లు ఆ దారి మూసేసి, అక్కడ కూడా పాతర్లు పెట్టారట. కొత్త మ్యాపును తనే మెషీన్‌లో ఎక్కించాడు. నాకు చెప్పలేదు.

ఆగమని రేడియోలో అరిచాను. అతను మాట్లాడే మీట వదల్లేదు. అది నొక్కి ఉన్నంతసేపూ మా మాట అటు చేరదు. జవాను స్పృహ తప్పకుండా ఉండాలని అతనితో కబుర్లు చెబుతూ, మాకూ వినిపిస్తున్నాడు. "ఇదిగో నల్లబండ. వచ్చేశాం, తమ్ముడూ."

తర్వాత పేలుడు.

విచారణలో కాపీ పాతదని, తప్పు నా పేర రాశారు. కెప్టెన్ ఆర్డరు ఎక్కడా లేదు. అప్పీళ్లు ఇంకా పెడుతూనే ఉన్నాను. ఏలూరు తిరిగి వచ్చి, కొల్లేటి చేపల చెరువుల వాళ్ల కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. "మీరు కంప్యూటరు ముందు కూర్చున్నారు కదండీ, యుద్ధం ఎక్కడ చేశారు?" అంటారు వాళ్లు.

ఆ గురువారం ఫిరంగులు ఆగాక ఇంజినీర్ల వెనకే వెళ్లాను. ఆపరేటరు కుడిచెయ్యి మోచేతి దాకా విడిగా దొరికింది. పిడికిట్లో రేడియో, మీట మీద బొటనవేలు. ఒక్కొక్క వేలూ నేనే విప్పాను. మీట పైకి లేచింది. అందులోంచి కెప్టెన్ గొంతు, దారి బాగానే ఉందా అని ఇంజినీర్లను అడుగుతోంది.