పాట లేని పద్నాలుగు ఆదివారాలు

మొన్న మంగళవారం ఉదయం ఆరున్నరకు చిత్తూరు ఆసుపత్రిలో మా మేనత్త చనిపోయింది. వయసు అరవై ఎనిమిది. గుండె జబ్బు. బుధవారం మధ్యాహ్నం ఐరాల దగ్గర మా పల్లెలో, కొడుకు సమాధి పక్కనే ఆమెను సమాధి చేశాం.

ఆమె ఎవరో ఒక్క ముక్కలో చెప్పమంటే, మా చర్చిలో పాట ఎత్తే మనిషి. ఈ మాట తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మాది రేకుల కప్పున్న చిన్న చర్చి, ఇరవై ఇండ్ల సంఘం. హార్మోనియం లేదు, కీబోర్డు లేదు. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెబుతారు. ఎవరో ఒకరు మొదటి వరుస అందుకుంటే మిగతావాళ్లు వెంట పాడతారు. శ్రుతి ఎంత పైన ఉండాలో, పాట ఎంత వేగంగా పోవాలో ఆ ఒక్కరి గొంతు మీదే ఆధారం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పని మేనత్తదే.

ఆమె ఎప్పుడూ పాటను మరీ పైన ఎత్తేది. రెండో చరణానికి మగవాళ్లు దగ్గడం మొదలుపెట్టేవాళ్లు. మూడో చరణానికి సగం మంది పెదాలు మాత్రం ఆడించేవాళ్లు. సంఘపెద్ద ఒకాయన ఉండేవాడు, ఆమెకు వరసకు మామ. ఆరాధన అయిపోగానే మెట్ల మీద పట్టుకునేవాడు.

“అమ్మణ్ణీ, రేకులు లేసిపోతాయి. రవ్వంత దించి ఎత్తగూడదా?”

“దేవుడు ఉండేది పైన గదా మామా. ఆయనకి ఇనపడొద్దా?”

కొడుకుకు మూడేళ్లప్పుడు భర్త పోయాడు. రెండు ఆవులను పెట్టుకుని, సీజన్లో మామిడి తోటల్లో కూలికి పోయి కొడుకును ఐటీఐ చదివించింది. నేను విలేకరిగా పనిచేసే తిరుపతి నుంచి ఎప్పుడు వెళ్లినా పాలు పితుకుతూనే పలకరించేది. “ఏమల్లుడా, పేపర్లో రోజూ సావులే రాస్తావు. ఒక పెండ్లి గిన రాయగూడదా?” అనేది. చేతిలో గ్లాసు పెట్టి, తాగేదాకా అక్కడి నుంచి కదలనిచ్చేది కాదు.

తొమ్మిదేళ్ల కిందట ఆ కొడుకు చనిపోయాడు. నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సెలవుకు బైకు మీద ఇంటికి వస్తుంటే హైవేలో లారీ తగిలింది. ఇరవై ఆరేళ్లు. ఆ కబురు ఆమెకు చెప్పింది మా నాయన. ఆయన ఆమెకు తమ్ముడు. ఆ పిల్లవాడిని ఎత్తుకుని పెంచింది కూడా ఆయనే.

ఓదార్చడానికి చాలామంది వచ్చారు. “దేవుని చిత్తం” అన్నవాళ్లతో ఆమె ఒకటే మాట చెప్పింది. “ఆ మాట నా కాడ అనొద్దండి. ఆయన చిత్తమేందో ఆయనే చెప్పల్ల నాకు.” పక్క ఊరి ప్రార్థన గుంపు వాళ్లు వచ్చి, ఇంట్లో ఏదో దోషం ఉంది, మూడు రోజులు ఉపవాసం ఉండమన్నారు. వాళ్లకు ఉప్మా చేసి పెట్టి పంపించింది.

కొడుకును సమాధి చేసిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నేను ఊళ్లోనే ఉన్నాను. ఆమె తల దువ్వుకుని, పాటల పుస్తకం సంచిలో వేసుకుని గడప దాటింది. మా నాయన అడ్డం నిలబడ్డాడు.

“యాడికక్కా?”

“చర్చికి.”

“ఇంకా ఏముండాదని పోతావు? నలభై ఏండ్లు పాడితివే, ఏమిచ్చినాడు నీకు? నేనైతే రాను. ఇంక ఆ వాకిలి తొక్కను.”

“నువ్వు రావద్దులేరా. నేను మాత్రం పోవల్ల. కొట్లాడాలన్నా ఆయనింటికే గదా పోవల్ల.”

వెళ్లి ఎప్పుడూ కూర్చునే చోటే, కిటికీ పక్కన చాప మీద కూర్చుంది. అయ్యగారు నంబరు చెప్పారు. ఆమె పుస్తకం తెరవలేదు. “పాట ఎత్తమ్మా” అన్నారు. తల అడ్డంగా ఊపింది. ఇంకెవరైనా ఎత్తండి అన్నారు. ఆడవాళ్లందరూ చాపల వైపు చూస్తూ కూర్చున్నారు. చివరకు ఆయన పాట బదులు బైబిల్లోంచి ఒక కీర్తన చదివి ఆరాధన జరిపించారు.

అట్లా పద్నాలుగు ఆదివారాలు జరిగింది. ఆమె ఒక్క ఆదివారం మానలేదు, ఒక్క పాట ఎత్తలేదు. సంఘంలో పాడగలవాళ్లు లేక కాదు. ఆమె కూర్చుని ఉండగా ఆమె పని తీసుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. ఒకసారి అయ్యగారు విసుగుపడి, “పాట లేని ఆరాధన ఎన్నాళ్లమ్మా?” అన్నారట. ఆమె పక్కన కూర్చునే ముసలామె జవాబు చెప్పింది. “బాయి అడుగంటింది గదయ్యా. ఊరల్ల. తొందర పడితే బురదొస్తాది.”

ఆ వారాల్లో ఏమని ప్రార్థన చేసుకునేదానివని తర్వాత ఎప్పుడో అడిగాను. “ప్రభువా, వచ్చినాను. ఈ వారం గూడా మాటల్లేవు. అంతే” అంది.

పదిహేనో ఆదివారం తుపాను వాన. వంక పొంగి అయ్యగారు రాలేకపోయారు. చర్చిలో ఉన్నది ఆరుగురు. ఆరాధన నడిపే పని సంఘపెద్ద మీద పడింది. పాట లేకుండా ఎట్లా అనుకున్నాడో ఏమో, తనే ఎత్తాడు. మంచి శుక్రవారం పాడే పాటను కోత పండుగ పాట రాగంలో ఎత్తాడు. మిగతావాళ్లు ఆ రాగానికి ఆ మాటలు కుదరక తడబడ్డారు. ఆయన చప్పట్లు కొడుతూ రెండో వరుసకు పోయాడు.

“మామా, ఆపు” అంది మేనత్త. “ఏసయ్య సిలువ మోసే పాట అది. నువ్వు శెనక్కాయ పీకినట్టు పాడతాండావే!”

“మరి ఎట్లనో నువ్వు చెప్పు.”

ఆమె ఎత్తింది. ఎప్పటిలాగే పైనే ఎత్తింది. దించమని ఎవరూ అనలేదు.

కావాలనే తప్పు పాడినానని సంఘపెద్ద చనిపోయేదాకా చెప్పుకున్నాడు. “అబద్ధం. ఆయనకి ఆ పాట ఏనాడూ రాదు” అని మేనత్త అనేది. నేను ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరిలో ఎవరూ మాట మార్చలేదు.

ఆమెకు దుఃఖం తీరిందని నేను రాయలేను. రెండేళ్ల కిందట అడిగాను, “జవాబు వచ్చిందా అత్తా?” అని.

“రాలేదల్లుడా. నువ్వు ఆఫీసర్లకు ఫోన్ చేస్తావే, ఎత్తకపోతే ఏం చేస్తావు?”

“మళ్లీ చేస్తాను.”

“అంతే.”

మా నాయన మాట మీదే ఉన్నాడు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆయన్ను రమ్మని పిలవలేదు. ఎందుకు పిలవవని మా అమ్మ అడిగితే, “వానికి కోపం ఉండాది. లేనోళ్ల మీద ఎవురికన్నా కోపమొస్తాదా?” అంది. ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తూ మా ఇంటి ముందు ఆగి, ఆయనకు కాఫీ పెట్టించి, ఎదురుగా కూర్చుని తాగి పోయేది. చర్చి సంగతి ఎత్తేది కాదు.

చివరి ఏడాది ఊపిరి అందలేదు. మొదటి వరుస ఎత్తి ఆగిపోయేది, మిగతాది సంఘం పాడేది. ఆసుపత్రికి పోయే ముందు ఆదివారం ఆ ఒక్క వరుసను రెండు విడతలుగా పాడింది. రెండో సగం అందుకునే దాకా అందరూ ఆగారు.

బుధవారం చర్చిలో ప్రార్థన జరిగినంతసేపు మా నాయన బయట ఎండలో నిలబడ్డాడు. సమాధి దగ్గర మట్టి వేశాడు.

ఆమె కోసం చర్చిలో జరిగే ఆదరణ కూటం ఈ ఆదివారం ఉదయం పదిన్నరకు. గురువారం అయ్యగారు ఇంటికి వచ్చి, పాట ఎత్తమని మా నాయన్ను అడిగారు. అక్కాతమ్ముళ్లిద్దరికీ పాటలు నేర్పింది మా నాయనమ్మే. “గొంతు పోయిందయ్యా. సూస్తాంలే” అన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆదివారం ఉదయాలు ఆయన మామిడి తోటలో మోటారు దగ్గరే గడిపాడు. నిన్న సాయంత్రం మోటారు షెడ్డు తాళంచెవి తీసుకుపోయి పక్క తోటాయనకు ఇచ్చి వచ్చాడు.