అమ్మకు పడిన జుర్మానా

నాంపల్లి స్టేషన్ వెనక ఒంటి గదిలో కిరాయికి ఉన్న నా చిన్నప్పుడు, మా ఇంట్లో అచ్చు కాగితమంటే బెల్లం కట్టి ఇచ్చిన పొట్లమే. పాలమూరు దిక్కు నుంచి పని కోసం వచ్చినవాళ్లం. నాయన స్టేషన్‌లో మూటలు మోసేవాడు. అమ్మ ఇళ్లు కట్టేచోట రాళ్లు మోసేది. ఇద్దరికీ చదువు రాదు.

అబిడ్స్‌కు పోయే దారిలో ఒక చిన్న లైబ్రరీ ఉండేది. పుస్తకం ఇంటికివ్వాలంటే పట్నంలో ఎవరైనా పూచీ పడాలి. మాకెవరు తెలుసు? రోజూ వచ్చి బల్ల దగ్గరే చదువుకుపోయే నన్ను చూసి, లైబ్రరీ మేడమే పూచీ పడ్డారు. "ఖరాబు చేసినవంటే కార్డు వాపస్ తీసుకుంట" అని మాత్రం బెదిరించారు.

మొదటి పుస్తకం తెచ్చిన సాయంత్రం నేను నీళ్లకు పోయి వచ్చేసరికి, అమ్మ దాని మూలలకు పసుపు రాసి, అట్ట మీద కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటం ముందు ఉంచింది. తడి పసుపు లోపలి కాగితాలకూ దిగింది. నేను బొబ్బలు పెట్టి ఏడ్చాను. కార్డు పోతుందన్న భయంతో లైబ్రరీ వైపు పోవడమే మానేశాను. చివరికి అమ్మే నా రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

చెప్పులు గడప బయట విడిచి, మేడమ్ ముందు నిలబడింది. "నా బిడ్డ తప్పు లేదమ్మా. సదువుల తల్లి గదా, బొట్టు పెట్టకుండ ఎట్ల తెరుస్తమని నేనే పెట్టిన."

మేడమ్ పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశారు. "గిందుల ఏం కథ ఉందో ఎరుకేనా అక్కా?"

"నాకేమెరుక? మొక్కుడే ఎరుక."

"అయితే జుర్మానా నీకే. పిల్ల తెచ్చిన ప్రతి పుస్తకం చదివించుకొని వినాలె. వాపస్ ఇచ్చే రోజు ఆ కథ నువ్వే వచ్చి చెప్పాలె. లేకుంటే కొత్తది ఇయ్య."

"ఓయమ్మో, రాళ్లు మోసుడే నయముండె!" అంది అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని చదివేదాన్ని. పేరా పేరాకూ అమ్మ ఊఁ కొట్టేది. ఊఁ వినపడలేదంటే అర్థం కాలేదన్నమాట. అదే పేరా మళ్లీ చదవాలి. మొదటిసారికే నాకు తెలిసిందనుకున్నది కూడా అలా మళ్లీ చదివినప్పుడే నిజంగా తెలిసేది. లైబ్రరీలో అమ్మ ఆ కథలనే మా ఊరి యాసలో చెబుతుంటే, పేపర్లు చదివేవాళ్లు కూడా వాటిని పక్కన పెట్టి వినేవారు.

నాది కాలేజీ చదువు కాదు, లైబ్రరీ చదువు. ఆ మాట ఎక్కడైనా గర్వంగానే చెబుతాను. ఇప్పుడా దారి మీదుగా మెట్రో పోతోంది, లైబ్రరీ లేదు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది.

మనసులో చదువుకోవడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఒక్కదాన్నే ఉన్నా పైకే చదువుతాను. పేరా చివర కాసేపు ఆగుతాను. ఏమీ వినపడదు. అమ్మకు అర్థం కాలేదేమోనని, మళ్లీ మొదటి నుంచి చదువుతాను.